ఋతుధర్మం – ఇరుగుపొరుగు
(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా జరిగిన ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



యాగశాలలో పూర్ణాహుతి ముగిసి, మంత్రపూతమైన కలశ జలాలతో విమానానికి అభిషేకం జరిగిన ఈ శుభవేళ నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. కుంభాభిషేక వైశిష్ట్యాన్ని, ఆగమ రహస్యాలను వివరించడానికి ఈ వేదికపై నాకంటె ఎంతో అధికారులైన పెద్దలున్నారు. అందుచేత నేను మనందరి నిత్యజీవితానికి సంబంధించిన ఒక సాధారణ విషయాన్ని ఎన్నుకొన్నాను. ఎండ, వాన, చలి అనే మూడు మన ఇరుగుపొరుగు రాకపోకలను, స్నేహ బాంధవ్యాలను ఏ విధంగా నడిపిస్తున్నాయి? ఆ నడకలో ఆలయానికి ఉన్న బాధ్యత ఏమిటి? ఇదే నా ప్రసంగ విషయం.

కుంభాభిషేక సభలో వాతావరణం గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కాని ఈ జీర్ణోద్ధరణ ఎందుకు అవసరమైందో ఒకసారి ఆలోచించండి. గోపురం మీది సున్నపు పూతను పగులగొట్టింది ఎండ. ఆ పగుళ్లలో దిగి లోపలి ఇటుకను నానబెట్టింది వాన. మూలవిరాట్టును పీఠంతో బంధించే అష్టబంధనం సైతం కాలక్రమంలో బిగువు కోల్పోతుంది. అందుకే పన్నెండేళ్లకొకసారి ఆలయాన్ని పరీక్షించి, బాలాలయం ఏర్పరచి, మరమ్మతులు చేసి, కొత్తగా అష్టబంధనం వేసి కుంభాభిషేకం జరిపించాలని పెద్దలు సంప్రదాయం ఏర్పరచారు. రాతికీ సున్నానికీ ఇంత శ్రద్ధ అవసరమైనప్పుడు, ఆ రాతి చుట్టూ బ్రతికే మనుషుల మధ్య బంధానికి ఎంత శ్రద్ధ అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. ఎండావానలు దానిని కూడా సడలిస్తాయి. దానికీ జీర్ణోద్ధరణ కావాలి.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. ప్రకృతి తలుపు మూయించిన ప్రతి ఋతువులోనూ ఆ తలుపు తెరవడానికి వారు ఒక పండుగనో, ఒక వ్రతాన్నో, ఒక దానాన్నో నియమించారు. పంచాంగాన్ని ఆ దృష్టితో ఒకసారి తిరగవేస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

సంవత్సరాది నుంచి మొదలుపెడదాం. చైత్ర వైశాఖాలు వసంత ఋతువని పంచాంగం చెబుతుంది. సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమి మీద ఉన్న మన హైదరాబాదు మాత్రం వైశాఖాన్ని నిండు వేసవి అనే అంటుంది. ఆ కాలంలో మధ్యాహ్నం పదకొండు దాటితే ఆబిడ్స్ కూడలిలో నీడ వెదుక్కోని మనిషి ఉండడు. చుట్టపుచూపు రాకపోకలన్నీ సాయంత్రానికి వాయిదా పడతాయి. అటువంటి కాలానికి పెద్దలు ఏమి నియమించారు? ఉగాది నాటి సాయంత్రం ఆలయంలో పంచాంగ శ్రవణం. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. వైశాఖంలో ఉదకదానం, ఛత్రదానం, పాదరక్షల దానం. దాహంతో ఉన్నవాడికి నీరు, ఎండలో నడిచేవాడికి గొడుగు, కాళ్లు కాలేవాడికి చెప్పులు. పుణ్యమని చెప్పినా, ధర్మమని చెప్పినా, ఎదుటి మనిషికి ఎండ ఎట్లా తగులుతున్నదో గమనించమని చెప్పడమే ఈ దానాల పరమార్థం. వీధి మొగలో కుండలు పెట్టి నడిపే చలివేంద్రం ఆ ఉదకదానానికి నేటి రూపమే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. 1966 జూన్ 2న, ఆ కార్తెలోనే, నగరంలో 45.5 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. అయితే ఆ ఎండ కూడా ఒకప్పుడు మనుషులను కలిపింది. వడియాలు, అప్పడాలు పెట్టడానికి ఎండ కావాలి. ఎండతో పాటు పదిమంది చేతులూ కావాలి. తెల్లవారుజామున పిండి ఉడికించి, ఎండ ముదరకముందే మేడమీద చీరలు పరచి, నాలుగిళ్ల ఆడవారు వరుసగా కూర్చుని వడియాలు పెట్టేవారు. ఆవకాయ కలిపిన ఇంటి నుంచి కొత్త జాడీలోని మొదటి ముద్ద పక్కింటికి వెళ్లేది. కోస్తా వారి ఘాటు, తెలంగాణ వారి వెల్లుల్లి, రాయలసీమ వారి కారం ఒకే మేడ మీద పరిచయమయ్యేవి. 1956 నవంబరు 1న హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయిన తరువాత కర్నూలు నుంచీ, వివిధ జిల్లాల నుంచీ ఉద్యోగ కుటుంబాలు వచ్చి స్థిరపడినప్పుడు, ఒకరి యాస ఒకరికి కొత్తగా ఉన్న ఆ రోజుల్లో, పరిచయానికి ఇటువంటి పనులే తొలిమెట్టు అయ్యాయి. రాత్రి భోజనాలయ్యాక పిల్లలను వెంటబెట్టుకొని మొజంజాహి మార్కెట్ దాకా నడిచి వెళ్లి ఐస్‌క్రీం తినడం ఈ ప్రాంతపు కుటుంబాలకు వేసవి వేడుక. 1935లో నిర్మాణం పూర్తయిన ఆ రాతి కట్టడం చల్లని రాత్రి వేళ ఎన్ని కుటుంబాలను పలకరింపజేసిందో లెక్క లేదు.

తరువాత మృగశిర. తొలకరి చినుకు పడగానే మట్టి వాసనతో పాటు మనుషులలో ఒక ఉత్సాహం కూడా లేస్తుంది. మృగశిర కార్తె ప్రవేశించే రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వంశీయులు ఇచ్చే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి ఉబ్బస వ్యాధిగ్రస్తులు వస్తారు. కరోనా కారణంగా ఆగిన ఆ కార్యక్రమం 2023లో తిరిగి మొదలైంది. దాని వైద్యగుణం గురించి వైద్యలోకంలో ఉన్న అభ్యంతరాలు నా విషయం కాదు. ముందు రోజు నుంచే వరుసల్లో నిలబడే ఆ అపరిచితులకు స్వచ్ఛంద సంస్థలవారు, చుట్టుపక్కల వ్యాపారులు మంచినీరు, భోజనం అందించడమే నేను గుర్తు చేయదలచుకొన్నది. ఋతువు మారే వేళ ఊపిరాడని మనిషికి పొరుగువాడు ఆసరాగా నిలబడటం ఏ శాస్త్రానికైనా అంగీకారమే.

ఆషాఢం వచ్చేసరికి నేల తడిసి, ఈగలు దోమలు పెరిగి, అంటువ్యాధులకు అనువైన కాలమవుతుంది. సరిగ్గా అప్పుడే నగరంలో బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి ఆలయం, లాల్‌దర్వాజా మీదుగా నెల రోజులు సాగే ఆ పండుగలో వేపాకు, పసుపు నీరు ప్రధానం. ఒక ఇంటి బోనం ఒంటరిగా బయలుదేరదు. వీధి వీధంతా కలిసి నడుస్తుంది. ఇళ్లలో గోరింటాకు వేడుకా ఆషాఢంలోనే. పెరట్లో గోరింట చెట్టున్న ఇల్లు ఒక్కటుంటే చాలు, ఆ వీధి ఆడపిల్లలందరి చేతులూ పండేవి. నూరిన రోలు ఒకరిది, ఆకు ఒకరిది, చేతులు అందరివీ.

వర్షఋతువు సన్న్యాసులకు చాతుర్మాస్య కాలం. వానాకాలంలో దారులు తెగిపోతాయి, నేల మీద పురుగుపుట్ర పెరుగుతుంది. నడిచేవారి పాదాల కింద ప్రాణులు నలుగుతాయి. కనుక పరివ్రాజకులు ఒకచోట నిలిచి ఉండాలని నియమం. దాని వలన గృహస్థులకు కలిగిన మేలు చూడండి. ఏడాది పొడుగునా తిరిగే జ్ఞాని వాన కారణంగా మన ఊళ్లో నిలిచిపోతాడు. మనం సాయంత్రం వేళ ఆయన చుట్టూ కూర్చుంటాం. ప్రయాణాన్ని ఆపిన వానే సత్సంగాన్ని సమకూర్చింది. శ్రావణ శుక్రవారాలూ ఇటువంటివే. వరలక్ష్మీ వ్రతం నాడు ఎంత జల్లు పడుతున్నా ముత్తయిదువలు కొంగు తలపై కప్పుకొని, తడిసిన మెట్లు జాగ్రత్తగా ఎక్కి పేరంటానికి వెళ్తారు. నానబెట్టిన సెనగలు, తాంబూలం, పసుపు కుంకుమ, ఇచ్చేది స్వల్పమే. కాని ఆ పేరంటం లేకపోతే వానాకాలంలో ఆ గడప దాటేవారు ఎవరు?

భాద్రపదంలో వినాయక చవితి. గణేశ నిమజ్జన శోభాయాత్ర అఫ్జల్‌గంజ్, మొజంజాహి మార్కెట్, ఆబిడ్స్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు సాగేటప్పుడు జడివాన కురిసిన సంవత్సరాలున్నాయి. విగ్రహానికి కప్పిన పట్టా అంచున ముక్కూ మొహం తెలియనివారు పక్కపక్కనే నిలబడతారు. వాన తగ్గేసరికి పరిచయస్తులవుతారు.

శరదృతువులో ఆకాశం తేటపడుతుంది. చెరువులు నిండి ఉంటాయి. గునుగు, తంగేడు విరబూస్తాయి. వానలు ఇచ్చిన పూలను వానలు నింపిన నీటికే సమర్పించే బతుకమ్మ పండుగ అప్పుడే వస్తుంది. తొమ్మిది సాయంత్రాలు స్త్రీలు వలయాకారంలో తిరుగుతూ పాడుకొంటారు. ఆ వలయంలో ఎవరింటి ఆడపడుచైనా చేరవచ్చు. విజయదశమి నాడు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి పెద్దలకు నమస్కరించడం, సమవయస్కులను ఆలింగనం చేసుకోవడం తెలంగాణ ఆచారం. ఏడాదిలో ఏర్పడిన మనస్పర్ధలు ఆ ఒక్క ఆకుతో తొలగిపోవడం చూసినవారు ఈ సభలో ఎందరో ఉంటారు. కార్తికంలో ఉసిరి చెట్టు నీడన వనభోజనాలు. ఎండ మరీ తీక్షణం కాని, వాన భయం తగ్గిన, చలి ఇంకా ముదరని ఆ కొద్ది వారాలను పెద్దలు ఆరుబయట సహపంక్తి భోజనానికి కేటాయించారంటే వారి వాతావరణ జ్ఞానానికి నమస్కరించాలి.

హేమంతంలో చలి. ముసుగు తన్ని పడుకోవాలనిపించే ధనుర్మాసపు తెల్లవారుజామునే తిరుప్పావై ప్రవచనం పెట్టారు. ఒక గోపిక మరొక గోపిక తలుపు తట్టి నిద్ర లేపుకొని, అందరూ కలిసి స్వామి సన్నిధికి వెళ్లడమే ఆ ప్రబంధ కథాక్రమంలో ముఖ్యమైన ఘట్టం. భక్తుడు ఒంటరిగా కాదు, పొరుగువారిని వెంటబెట్టుకొని రావాలని గోదాదేవి ఉపదేశం. ప్రవచనం ముగిశాక ఆకులో పెట్టిన వేడి పొంగలి చలిలో వచ్చినవారికి స్వామివారి ఆదరణ. సంక్రాంతికి బొమ్మల కొలువులు, పసుపు కుంకుమలు. మాఘంలో రథసప్తమి.

ఈ శీతకాలంలోనే మన ప్రాంతానికి మరో గొప్ప కూడిక ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, వాన బెడద లేని, ఎండ బాధ లేని రోజులలో జరగడం దాని విజయానికి ఒక కారణమని నేననుకొంటాను. కాశ్మీరు శాలువాల దుకాణం ముందు పదేళ్లుగా కలవని మిత్రులు కలుస్తారు. ఉన్ని శాలువా కప్పుకొన్న అమ్మమ్మ చేయి పట్టుకొని మనుమడు నడుస్తాడు. 2021లో కరోనా వలన నుమాయిష్ జరగనప్పుడు ఈ చుట్టుపక్కల వారికి ఆ ఏడు చలికాలం వచ్చినట్టే అనిపించలేదు.

ఇంతవరకు ఋతువుల మృదువైన ముఖాన్ని చెప్పాను. వాటి ఉగ్రముఖాన్ని కూడా ఈ నగరం చూసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని చరిత్ర. తిథుల లెక్కన అవి శరన్నవరాత్రుల తొలిరోజులు; రంజాన్ ఉపవాస మాసం కూడా అప్పుడే ఆరంభమైంది. రెండు మతాల వారి ఇళ్లలోనూ పుణ్యదినాలే. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ఎక్కి సుమారు 150 మంది బ్రతికారు. ఆ కొమ్మల మీద ఎవరు ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడిగి ఉండరు. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి ఒంటరిగా మిగిలారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నిర్వాసితుల కోసం తన భవనాల ద్వారాలు తెరిపించారు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నదిని ఆపడానికి ఇంజనీరు కావాలి. అయితే వరద వచ్చిన రాత్రి ప్రాణం నిలిపింది మాత్రం ఒక చెట్టు, దాని మీదికి చేయి అందించిన పక్కవాడు.

2000 ఆగస్టు 24న, శ్రావణ బహుళంలో, బేగంపేటలో ఒక్క రోజులో 240 మిల్లీమీటర్ల పైగా వాన కురిసింది. మన నగరానికి ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే నాలుగో వంతు పైన ఒక్కనాడే పడింది. 2020 అక్టోబరు 13 రాత్రి, దేవీ నవరాత్రులకు నాలుగు రోజుల ముందు, మరొక కుంభవృష్టి ఎన్నో బస్తీలను ముంచింది. ఆ రెండు సందర్భాలలోనూ ప్రభుత్వ యంత్రాంగం చేరకముందే పై అంతస్తువారు కింది అంతస్తువారిని తమ ఇళ్లలోకి రమ్మన్నారు. ఆపద వచ్చిన రాత్రి మనం మంచి పొరుగువారమే. ఆపద లేని రోజుల సంగతే ఆలోచించవలసి ఉన్నది.

ఇప్పుడు మన ఇళ్ల తీరు మారింది. అరుగులు పోయాయి. వీధి వైపు తెరుచుకొనే కిటికీకి బదులు చల్లగాలి యంత్రం వచ్చింది. కాంక్రీటు గోడలు పగటి వేడిని పీల్చుకొని రాత్రంతా వదులుతుంటే మేడమీద పడక సాధ్యం కావడం లేదు. వడియాలు దుకాణంలో దొరుకుతున్నాయి. గోరింటాకు గొట్టంలో వస్తున్నది. ఇవన్నీ తప్పులని నేననడం లేదు. వృద్ధులకు, పసిపిల్లలకు, రోగులకు ఆ చల్లని గది ప్రాణాధారం. ఎండదెబ్బకు మనుషులు మరణించే రోజులలో ఎవరూ దానిని నిందించరాదు. అయితే పూర్వం ఎండ మనలను బయటికి, ఒకరి దగ్గరకు తెచ్చేది. ఇప్పుడు లోపలికి, ఎవరి గదిలోకి వారిని పంపుతున్నది. ఋతువు అదే. దానికి మన జవాబు మారింది.

ఈ సందర్భంలో మన అర్చకస్వామి ఒకరు నాకు చెప్పిన సంగతి మీకు విన్నవిస్తాను. కొన్నేళ్ల క్రిందట శ్రావణమాసంలో మూడు నాలుగు రోజులు ఎడతెరపి లేని ముసురు పట్టింది. ప్రతి సాయంత్రం దీపారాధన వేళకు వచ్చే ఒక వృద్ధురాలు ఆ రోజులలో రాలేదు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. ఆమె సమీపంలోని ఒక భవనంలో ఒంటరిగా ఉండేది. ఆమెను ఎరిగినవారు ఆలయంలో చాలామంది ఉన్నారు. "వాన కదా, పెద్దావిడ ఎట్లా వస్తారు?" అని ఒకరు అన్నారు, మరొకరు అవునన్నారు. అది సహజమైన మాటే. మూడవ రోజున గుడి బయట పట్టా కింద కూర్చుని పూలు కట్టే ఆమె లోపలికి వచ్చి, "అయ్యగారూ, వానకు ఆగే మనిషి కాదు ఆ అమ్మ. గొడుగేసుకొని అయినా వస్తది. జర ఎవరినన్న పంపి చూడుండ్రి" అన్నది. ఇద్దరు యువకులు వెళ్లి తలుపు తట్టారు. చాలాసేపటికి తలుపు తెరుచుకొన్నది. ఆమె తీవ్రమైన జ్వరంతో, రెండు రోజులుగా ఆహారం లేక, మంచం దిగలేని స్థితిలో ఉన్నది. సకాలంలో వైద్యం అందింది కనుక కోలుకొన్నది. ఆ తరువాత చాలాకాలం దీపారాధనకు వచ్చింది.

భక్తులారా, నేను చెప్పదలచుకొన్న విషయమంతా ఈ సంఘటనలో ఉన్నది. వాన మనుషులను రాకుండా ఆపడం వలన కలిగే నష్టం చిన్నది. రానివారి గురించి మనం అడగకుండా ఉండటానికి అది ఒక సిద్ధమైన సమాధానం ఇస్తుంది. పెద్ద నష్టం అది. మామూలు రోజున ఒక మనిషి కనబడకపోతే "ఏమయింది?" అంటాం. వానరోజున "వాన కదా" అంటాం. ఎండరోజున "ఎండ కదా" అంటాం. చలిలో "ఈ చలిలో ఎవరొస్తారు" అంటాం. ప్రశ్న పుట్టకముందే జవాబు సిద్ధం. నిజానికి ఆరోగ్యం చెడేది, తోడు అవసరమయ్యేది ఆ రోజులలోనే. కనుక వాతావరణం బాగులేని రోజే పలకరించవలసిన రోజు. పూలు కట్టే ఆ తల్లికి ఆగమం తెలియదు. ఎవరు ఏ వాతావరణంలో ఎట్లా నడుచుకొంటారో తెలుసు. పొరుగు ధర్మానికి ఆ తెలివే మూలం.

కరోనా కాలం మనకు ఇదే పాఠాన్ని మరింత కఠినంగా నేర్పింది. 2020 మార్చి 25న శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. ఆ ఏడు పంచాంగ శ్రవణం ఇళ్లలో టీవీల ముందు జరిగింది. జూన్ 8న ఆలయాలు తిరిగి తెరిచే వరకు స్వామివారు ఏకాంత సేవలే అందుకొన్నారు. ఆ రెండున్నర నెలలలో ఫోను చేసి "ఎట్లా ఉన్నారు?" అని అడిగిన ప్రతి గొంతునూ మనం ఇప్పటికీ గుర్తుంచుకొన్నాం. అడగడం ఎంత పెద్ద సేవో అప్పుడు తెలిసింది.

ఈ ప్రాంతానికి తలుపులు తెరిచే సంప్రదాయం కొత్త కాదు. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని సరోజినీ నాయుడు కుటుంబ గృహం "గోల్డెన్ థ్రెషోల్డ్", అనగా బంగారు గడప, కవులకు, సంస్కర్తలకు, అన్ని మతాలవారికి కూడలిగా ఉండి, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి తొలి నివాసమైంది. 1943లో స్థాపితమైన సారస్వత పరిషత్తు తిలక్ రోడ్డులోని తన భవనంలో ఎన్ని ఋతువుల సాయంకాలాలలో తెలుగువారిని ఒకచోట కూర్చోబెట్టిందో సాహిత్యాభిమానులకు తెలుసు. ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు పరిచే చిరువ్యాపారులు, చినుకు పడగానే పుస్తకాల మీద పట్టా కప్పి, కొనడానికి వచ్చినవారికి కూడా ఆ పట్టా అంచున చోటిస్తారు. ఒకరి నీడలో ఒకరు నిలబడటం ఈ నేలకు తెలిసిన విద్య.

ఇప్పుడు మన చేతికి ఒక కొత్త మండపం వచ్చింది. దాతల ఔదార్యంతో పైకప్పు గట్టిపడింది, నేలకు రాయి పరచారు, గాలి ఆడటానికి కిటికీలు పెట్టారు. ఈ మండపాన్ని కేవలం కల్యాణోత్సవాల కోసం కాక, ఋతువుల కోసం కూడా వినియోగించాలని ధర్మకర్తల మండలికి, భక్తులకు నాలుగు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది, వేసవిలో సాయం పూజ తరువాత వెంటనే తలుపులు మూయకుండా, రాత్రి మరికొంత సేపు మండపాన్ని తెరిచి ఉంచాలి. ఇంట్లో ఉక్కకు తాళలేని వృద్ధులు వచ్చి కూర్చుంటారు. అక్కడ ఉపన్యాసం అవసరం లేదు. చాప, మంచినీటి కుండ, నాలుగు మాటలు చాలు. ప్రాకారం బయట చలివేంద్రం ఉగాది నుంచి మృగశిర వరకు నడవాలి. ఆటో నడిపేవారు, తపాలా బట్వాడా చేసేవారు, తోపుడుబండ్లవారు, మతం అడగకుండా అందరూ అక్కడ దాహం తీర్చుకోవాలి.

రెండవది, వానాకాలంలో ఆలయానికి నిత్యం వచ్చే పెద్దల పేర్లు, వారి ఇళ్లు తెలిసిన కార్యకర్తలు కొందరుండాలి. వరుసగా రెండు రోజులు ఎవరైనా కనబడకపోతే, ప్రసాదం పొట్లం పట్టుకొని వారి తలుపు తట్టాలి. ప్రసాదం ఒక నెపం. అడగడం అసలు సేవ. ఈ సేవకు చందా అవసరం లేదు, గొడుగు ఉంటే చాలు.

మూడవది, ధనుర్మాసపు చలిలో తెల్లవారుజామున రాలేనివారిని ఎవరో ఒకరు వెంటబెట్టుకొని రావాలి. ఒక్కొక్క యువకుడు ఒక్కొక్క పెద్దమనిషికి చేయి అందిస్తే తిరుప్పావై ఉపదేశం ఆచరణలోకి వస్తుంది.

నాలుగవది, ప్రాంగణంలో పడిన వాన వీధిలోకి పారి పక్క ఇంటి మెట్లు ముంచకుండా, ఇంకుడు గుంతల ద్వారా భూమిలోకి దిగాలి. మన కప్పు మీది నీరు పొరుగువాడికి కష్టం కాకుండా చూసుకోవడం కూడా ఆలయ ధర్మమే.

దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. మీ పేర్లు ఈ గోడ మీది శిలాఫలకంపై చెక్కబడి ఉన్నాయి. వచ్చే కుంభాభిషేకం నాటికి ఆ అక్షరాల మీద పన్నెండు వేసవులు, పన్నెండు వానాకాలాలు గడుస్తాయి. అక్షరం కొంత మాయవచ్చు. కాని మీరు వేయించిన కప్పు కింద వాన వెలిసేదాకా నిలబడి, పక్కనున్న మనిషి పేరు అడిగి తెలుసుకొన్న ప్రతి ఒక్కరి జీవితంలోనూ మీ దానం నిలిచి ఉంటుంది. ఆలయానికి కప్పు వేయించినవారు ఋతువును జయించలేదు. ఋతువు వచ్చినప్పుడు మనుషులు కలిసి నిలబడటానికి చోటు కల్పించారు. అది ఏ యాగఫలానికీ తీసిపోదు.

అష్టబంధనంలో ఏ ఒక్క ద్రవ్యమూ విడిగా విగ్రహాన్ని నిలపలేదు. ఎనిమిదింటినీ కలిపి, ఓర్పుతో దంచి, ముద్ద చేస్తేనే అది పట్టు పట్టి బంధమవుతుంది. ఆ ఓర్పును మన వీధులలో, మన అంతస్తులలో, మన ఆలయంలో కూడా చూపిద్దాం. ఎండనాడు నీరై, వాననాడు గొడుగై, చలినాడు తోడై ఒకరికొకరం నిలుద్దాం.

స్వామివారి కరుణాకటాక్షాలు దాతలపై, వారి కుటుంబాలపై, ఈ ప్రాంతపు సమస్త ప్రజలపై, ఈ పూట ఏ కారణం చేతనో ఇక్కడికి రాలేకపోయిన వారిపై మరింత అధికంగా ప్రసరించాలని ప్రార్థిస్తున్నాను. ఇంటికి వెళ్లేటప్పుడు వారిలో ఒక్కరి తలుపైనా తట్టి, ప్రసాదం ఇచ్చి వెళ్లమని వేడుకొంటున్నాను.

స్వస్తి. శుభం భూయాత్.